అడిగితేనే చెప్పాలి

ప్రియమైన కందిరీగకు,

ఫోన్ చేస్తే నువ్వు అరుస్తావు, నేను ఏడుస్తాను, సంగతి అక్కడే ఆగిపోతుంది. అందుకే ఉత్తరం. నిలబడి చదవకు, కూర్చుని చదువు. చేతిలో ఆ ల్యాబు కత్తులేవైనా ఉంటే ముందు పక్కన పెట్టు.

నాకు ఉద్యోగం దొరికింది. నవ్వకు, రోగం నటించే ఉద్యోగం. ఇక్కడి వైద్య కళాశాలలో, రోగితో ఎలా మాట్లాడాలో పిల్లలకు నేర్పడానికి ఒక విభాగం పెట్టారు. నిజం రోగుల మీద నేర్చుకుంటే వాళ్ల ప్రాణాల మీదికి వస్తుందని, ముందు మాలాంటి ఉత్తుత్తి రోగులను కూర్చోబెడతారు. ఒక రోజు నాకు కడుపునొప్పి, ఒక రోజు కళ్లు తిరగడం, ఒక రోజు ఇంట్లో ఎవరికీ తెలియకుండా దాచుకున్న గడ్డ. పెళ్లికి ముందు నాటకాల్లో ఏడ్చిన ఏడుపులన్నీ ఇప్పుడు అక్కరకొస్తున్నాయి. మీ అన్నయ్య ఉంటే, "ఇంట్లో ఊరికే వేసే వేషానికి బయట జీతం కూడా ఇస్తున్నారా?" అనేవారు.

గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, మూలన పరీక్ష మంచం ఉంటాయి. గోడకు పెద్ద అద్దం ఉంటుంది. అది మనకు అద్దమే గానీ, అవతల కూర్చున్న టీచర్లకు కిటికీ. మా పనికి ఒకటే సూత్రం. మమ్మల్ని తయారుచేసే నర్సు టీచరు మొదటి రోజే చెప్పింది.

"చూడండమ్మా, ప్రతి కేసులోనూ మీ దగ్గర ఒక అసలు సంగతి ఉంటుంది. పిల్లలు అడిగితేనే చెప్పాలి. అడగకపోతే చచ్చినా చెప్పకూడదు. అడిగితే మాత్రం దాచకూడదు."

అడగకపోతే చచ్చినా చెప్పకూడదట! ఆ మాట కాగితం మీద రాసుకుని కింద రెండు గీతలు కొట్టాను. ఎందుకో నీకు వేరే చెప్పాలా?

ఇప్పుడు గట్టిగా ఊపిరి పీల్చుకో. ఈ విభాగానికి పెద్ద ఎవరనుకున్నావు? మన గ్యాసు డాక్టరే. మొదటి రోజు వరండాలో ఎదురయ్యాడు. జుట్టు బాగా నెరిసింది. నాకోసం తలుపు తెరిచి పట్టుకుని, "రండమ్మా, గడప ఉంది, చూసుకోండి" అన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. నేనేమో పుట్టింటి ఇంటిపేరు రాసిచ్చాను. కానీ కందిరీగా, పేరుదాకా ఎందుకు? వాడికి నా మొహమే తెలియదు.

నీకు తెలిసిందే అయినా మళ్లీ రాస్తాను. ఆ రోజు ఐదో అంతస్తులో వాడి గదికి మేమిద్దరం వెళ్లాం. మీ అన్నయ్య అలవాటు నీకు తెలుసు, ఈ రోజు సంగతి అడిగితే మొన్నటి నుంచి ఎత్తుకుంటారు. "అంటే డాక్టరుగారూ, మొన్న ఒక మేడ మీద లిఫ్టు మోటారు విప్పుతున్నామండీ, కుర్రాళ్లు ఇంకా రాలేదు, నేనే ఎత్తబోతే ఛాతీలో పట్టేసినట్టయింది, తర్వాత అదేమో..." అక్కడిదాకా వచ్చారు. వాడు రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండానే, "గ్యాస్. తర్వాత ఎవరు?" అన్నాడు.

కిందికి దిగుతూ లిఫ్టులో మీ అన్నయ్య నాతో అన్నారు: "అసలు సంగతి చెప్పనేలేదే. నొప్పి ఒకచోట ఉండట్లేదు. వీపులోకి నడుస్తోంది." మళ్లీ పైకి వెళ్దాం పదండి అన్నాను. "మళ్లీ లైనంతా నిలబడాలి, రేపు చూద్దాంలే" అన్నారు. ఆయనకు రేపు రాలేదు.

మనం ఫిర్యాదు ఇస్తే వాడిచ్చిన జవాబు గుర్తుందా? "రోగి చెప్పలేదు." ఆ ఒక్క ముక్కతో అందరూ చేతులు దులిపేసుకున్నారు. మన చుట్టాలు కూడా, "కాస్త గట్టిగా చెప్పుకోవాల్సింది, మరీ మొహమాటస్తుడు" అని పోయిన మనిషి నెత్తినే తప్పు పెట్టారు. ఇన్నేళ్లుగా ఆ మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను.

ఆ మాటను వాడి చేతే మింగించాలి. ఎలాగో నాకు తెలియదు. నువ్వు చెప్పు, కుట్టడం నీకు పుట్టుకతో వచ్చిన విద్య కదా.

నీ జవాబు వచ్చేదాకా రోజుకొక రోగంతో గడిపే
నీ వదిన


ప్రియమైన వదినకు,

నీ ఉత్తరం చదివి ల్యాబులోనే కేక పెట్టాను. పక్క బల్ల దగ్గరున్న అమ్మాయి చేతిలోంచి గాజుపలక జారి భళ్లుమంది. అందరిచేతా తిట్లు తిన్నాను. అయినా ఎంత హాయిగా ఉందో!

నా పని ఏమిటని ఎప్పుడూ అడుగుతుంటావు, ఇన్నాళ్లూ సరిగ్గా చెప్పలేదు. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం ఉంటుంది కదా, దాని ముక్కను మైనంలో దిమ్మ కట్టి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద చూస్తాను. దాని గోడకు మూడు పొరలు. లోపలి పొర చిరిగిందంటే నెత్తురు ఆ చీలికలో దూరి, పొరల మధ్య దారి చేసుకుంటూ పోతుంది. నొప్పి దాని వెంటే పోతుంది. అన్నయ్యకు జరిగింది అదే. నడుస్తోంది అన్నాడంటే తన ఒంట్లో జరుగుతున్నది జరిగినట్టు చెప్పాడు, వినే చెవి లేక చచ్చిపోయాడు.

ఆ గోడలు ఎందుకు చిరుగుతాయో కనిపెట్టడమే మా పరిశోధన. మా డైరెక్టరమ్మ నన్ను చూసి, "ఇంత ఓపిక ఎక్కడిదే నీకు?" అంటుంది. ఓపిక కాదమ్మా, కక్ష అని ఎలా చెప్పను? పొర కోసినప్పుడల్లా వాడి మొహమే కనిపిస్తుంది నాకు.

ఇంకో సంగతి విను, ఒళ్లు మండిపోతుంది. మా లైబ్రరీలో వెతికాను. వాడిప్పుడు చాలా పెద్ద పరిశోధకుడట. దేని మీద పరిశోధన అనుకున్నావు? డాక్టర్లు రోగి మాటకు ఎందుకు అడ్డొస్తారు, అడ్డొస్తే ఏం నష్టం అని! పత్రికల్లో వ్యాసాలు, సభల్లో ఉపన్యాసాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే విన్నాం. ఇక్కడ కాలింది మన చేతులు, ఆకులు పట్టుకుని ఊరేగుతున్నది వాడు.

నువ్వు తొందరపడి ఎక్కడా నోరు జారకు. ఓర్చినమ్మకు తేటనీరు అంటారు. నాకు తేటనీరు అక్కర్లేదు, వాడు మునిగేంత లోతుంటే చాలు.

నాకు కావలసింది ఇది. ఏదో ఒక రోజు వాడు నీ ఎదుటి కుర్చీలో కూర్చోవాలి. అన్నయ్య నొప్పి నీ ఒంట్లో ఉండాలి. అప్పటిలాగే ఈసారీ వాడు అడగకూడదు. వాడి శిష్యులంతా కళ్లారా చూడాలి. అప్పుడు నువ్వు లేచి, "రోగి చెప్పలేదు కాదు, నువ్వు అడగలేదు" అనాలి. ఆ రోజు ఎలా వస్తుందో చూడటం నీ పని, నొప్పి ఎలా ఉండాలో చెప్పడం నా పని.

కొండి పదును పెట్టుకుంటున్న
నీ ఆడపడుచు


ప్రియమైన కందిరీగకు,

ఆలస్యమైంది, తిట్టుకోకు. ఇక్కడ పిల్లల పరీక్షలు. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే కడుపునొప్పిని ఒకేలా నొప్పెట్టాలి. ఒకరి దగ్గర ఎక్కువ మూలిగి ఇంకొకరి దగ్గర తక్కువ మూలిగితే పిల్లలకు అన్యాయం.

ఇద్దరి గురించి చెప్పాలి. ఒకమ్మాయికి నేను గడగడమ్మ అని పేరు పెట్టాను. నొప్పి ఎప్పుడు ఎక్కడ ఎంత అంటూ ప్రశ్నలన్నీ ఒక్క ఊపిరిలో కుమ్మరిస్తుంది, జవాబు దూర్చడానికి మాత్రం సందు వదలదు. ఇంకో అబ్బాయి సారీ బాబు. లోపలికి రాగానే సారీ, కుర్చీ జరిపితే సారీ, నాడి పట్టుకుంటే సారీ. ఒకసారి మోకాలు బల్లకు కొట్టుకుంటే బల్లకు కూడా సారీ చెప్పాడు. కానీ నా మాట పూర్తయ్యేదాకా ఆగుతాడు. ఆగి, మొహంలోకి చూస్తాడు. ఆ పిల్లాడిని చూస్తే నాకు ఏడుపొస్తుంది. ఆ రోజు ఆ ఐదో అంతస్తులో వీడుంటే!

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. ఆట ముగిశాక "రోగి మాట" అని ఉంటుంది. నువ్విలా అన్నప్పుడు నాకిలా అనిపించింది అని రోగి కుర్చీలోంచే నేను చెప్పాలి. నేను చెబుతున్నంతసేపూ ఎదుటివాళ్లు నోరు విప్పకూడదు. "అది కాదండీ", "నా ఉద్దేశం ఏంటంటే" అనకూడదు. వినాలి, అంతే. మొన్న గడగడమ్మ మధ్యలో ఏదో చెప్పబోయింది. అద్దం వెనక నుంచి విభాగం పెద్ద ఆయనే లేచి వచ్చారు.

"వినాలమ్మా. నీ తప్పు లేదని చెప్పుకోవాలనిపించిన క్షణంలోనే చెవులు మూసుకుపోతాయి. నోరు మూసుకోవడం కూడా వైద్యంలో ఒక భాగం" అన్నారు.

ఆ పద్ధతి పెట్టింది ఆయనే. ఏ పిల్లకైనా పిల్లాడికైనా మినహాయింపు ఇవ్వరు. నిజం చెప్పనా? బాగా నేర్పుతారు. ఈ మాట రాయడానికి నాకు మనసొప్పలేదు, రాయకపోతే నీకు అబద్ధం చెప్పినట్టవుతుంది. ఒక్కోసారి ఆయన పాఠం వింటూ తల ఊపుతాను. ఊపిన తలను ఇంటికొచ్చి గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

ఇప్పుడు నువ్వు ఎదురుచూస్తున్న సంగతి. వచ్చే నెలలో ఇక్కడ పెద్ద సభ. వేరే కళాశాలల నుంచి టీచర్లు, పరిశోధకులు వస్తున్నారు. తను ముందుగా చూడని కేసును తీసుకుని, వేదిక మీద రోగితో ఎలా మాట్లాడాలో ఆయనే చేసి చూపిస్తారట. రోగిగా నర్సు టీచరు నన్ను ఎంచుకుంది. "మీకు బాగా తెలిసిన జబ్బేదైనా తయారు చేసుకోండమ్మా. సారుకి మాత్రం ముందుగా తెలియకూడదు" అంది.

నాకు బాగా తెలిసిన జబ్బు! ఆవిడ ముందు నవ్వు ఆపుకోవడానికి చీర చెంగు కరిచిపట్టుకున్నాను.

నొప్పి పంపించు.

నీ వదిన


ప్రియమైన వదినకు,

మొదటి ఉత్తరంలో వాడు అని రాశావు. ఈ ఉత్తరంలో ఆయన, అన్నారు, నేర్పుతారు. తలుపు తెరిచి పట్టుకుంటే చాలా? నాలుగు మంచిమాటలు పిల్లలకు చెబితే చాలా? వాడు చెప్పే ప్రతి మంచిమాటా అన్నయ్య సమాధి మీద నిలబడి చెబుతున్నాడు వదినా. నీ మెతకతనం నాకు తెలుసు. పెళ్లైన కొత్తలో నేను నీ చీర కాల్చేస్తే, అమ్మ తిడుతుందని నువ్వే కాల్చుకున్నావని చెప్పిన మనిషివి. నా విషయంలో చెల్లింది. వాడి విషయంలో చెల్లదు.

తలుపు వెనక అన్నయ్య పనిసంచీ ఇంకా వేలాడుతోంది కదా. సభకు బయలుదేరే ముందు దాన్ని ఒక్కసారి చేత్తో ఎత్తు. ఆ బరువు తెలిస్తే నీ జాలి అదే దిగుతుంది.

ఇక నొప్పి. ఛాతీ మధ్యలో ఒక్కసారిగా మొదలవ్వాలి, మెల్లగా కాదు. చీరిపోతున్నట్టు ఉందనాలి. మొహం మీద చెమట పట్టినట్టు మాటిమాటికీ తుడుచుకో. నీకు రక్తపోటు ఉంది, మాత్రలు వేసుకోవడం మానేశావు. చెయ్యి ఛాతీ మీద పెట్టుకో, వీపు మీదికి మాత్రం పోనివ్వకు. వీపు సంగతి వాడు అడిగితేనే బయటికి రావాలి. అదే నీ అసలు సంగతి.

అన్నిటికన్నా ముఖ్యం, అన్నయ్యలాగే మాట్లాడు. మొన్నటి నుంచి మొదలుపెట్టు. మధ్యలో లిఫ్టును తీసుకురా, మోటారును తీసుకురా, రాని కుర్రాళ్లను తీసుకురా. సాగదియ్యి. అంతమంది పెద్దల ముందు టైము దాటిపోతుంటే వాడి అసలు రంగు అదే బయటపడుతుంది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారు, నువ్వు తొయ్యక్కర్లేదు, కాస్త పక్కకు తప్పుకుంటే చాలు.

వాడు "తర్వాత ఎవరు?" అనే క్షణం కోసం ఇక్కడ గోళ్లు కొరుక్కుంటున్న
నీ ఆడపడుచు


ప్రియమైన కందిరీగకు,

రేపే సభ. పనిసంచీ ఎత్తాను. స్పానర్ల మీద ఆయన చేతి గ్రీజు ఇంకా ఉంది, నా వేళ్లకు అంటింది. కడుక్కోలేదు. రేపు అదే చేత్తో వేదిక ఎక్కుతాను.

జాలి గురించి దిగులు పడకు. అది ఉంటే పిల్లల మీద ఉంది. వాడి మీద లేదు. చూశావా, వాడు అని రాశాను.

నీ వదిన


వదినకు,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు.

మా ల్యాబు నుంచి ఒకాయన మీ సభకు వచ్చాడు. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పొగడ్త. "ఏం మనిషండీ! ఆ పెద్దావిడ ఎక్కడెక్కడికో పోతుంటే చిరాకు లేకుండా కూర్చున్నాడు. చివరికి ఆవిడే, నొప్పి వీపులోకి నడుస్తోందని చెప్పింది. ఆయన వెంటనే పట్టేశాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు! బస్సు టైమైందని నేను వచ్చేశాను గానీ, లేకపోతే వెళ్లి చెయ్యి కలిపేవాణ్ణి" అన్నాడు.

ఆవిడే చెప్పిందట! ఎందుకు చెప్పావు? అన్నయ్య చివరిసారి లిఫ్టులో నీ ఒక్కదానికి చెప్పుకున్న మాట అది. దాన్ని తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టి, వాడికి చప్పట్లు కొట్టించి వచ్చావు. ఈ పాటికి పొగడ్తలు, దండలు, ఇంకో నాలుగు వ్యాసాలు. అన్నయ్య బతికున్నప్పుడు ఆ మాట వాడు వినలేదు, చచ్చాక దాంతో వాడికి పేరొచ్చింది.

నేను నిన్ను నమ్మాను. అమ్మ కన్నా ఎక్కువ నమ్మాను. ఈ ఉత్తరానికి జవాబు రాయకపోయినా ఫరవాలేదు. నా దగ్గర పొరలు కొయ్యాల్సిన దిమ్మలు చాలా ఉన్నాయి.

కందిరీగ


ప్రియమైన కందిరీగకు,

నువ్వు ప్రియమైన తీసేసినా నేను తియ్యను. మీ ల్యాబు పెద్దమనిషి బస్సు కోసం పరిగెత్తి సగం కథ తెచ్చాడు. మిగతా సగం నేను రాస్తున్నాను. మధ్యలో చింపకు.

నువ్వు చెప్పినట్టే చేశాను. మొన్నటి నుంచి ఎత్తుకున్నాను. మేడ, లిఫ్టు, మోటారు, రాని కుర్రాళ్లు. కుర్రాళ్లలో ఒకడి పెళ్లి కూడా తెచ్చాను. ఎక్కడో ఒకచోట అడ్డొస్తాడని మధ్యమధ్యలో ఆగాను కూడా. అతను పెన్ను కింద పెట్టేశాడు. నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. నేను ఆగితే తనూ ఆగాడు. "ఊఁ, తర్వాత?" అన్నాడు. ముందు వరుసలో పెద్దలు గడియారాలు చూసుకుంటున్నా అటు తల తిప్పలేదు. నేను వల వేసింది మీ అన్నయ్యను చంపిన మనిషికి, వచ్చి కూర్చున్నది వేరే మనిషి.

చివరికి అడిగాడు. "ఇంకా చెప్పాల్సింది ఏమైనా మిగిలిందా అమ్మా?"

అదే ప్రశ్న. ఆ రోజు అడిగి ఉండాల్సిన ప్రశ్న.

"ఏమీ లేదండీ" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే చాలు, అంతమంది ముందు ఓడిపోయేవాడు. నువ్వు ఎగిరి గంతేసేదానివి. కానీ కందిరీగా, నేను ఆ మాట అంటే ఏమవుతుందో ఆలోచించు. డాక్టరు అడిగాడు, రోగి చెప్పలేదు! ఇన్నేళ్లూ ఏ అబద్ధం మీద మండిపోతున్నామో దాన్ని నా నోటితో నేనే నిజం చేసినట్టు కాదూ? మీ అన్నయ్య చెప్పే మనిషి. అడిగితే చెప్పే మనిషి. అడిగితే ఆపడమే కష్టం.

అందుకే చెప్పాను. "నొప్పి ఒకచోట ఉండట్లేదండీ. వీపులోకి నడుస్తోంది" అన్నాను. అతను చటుక్కున లేచి నా రెండు చేతుల నాడీ పట్టి చూశాడు. ఇది ఏ జబ్బు కావచ్చో, ఈ మనిషిని ఒక్క నిమిషం కూడా ఎందుకు ఇంటికి పంపకూడదో సభకు చెప్పాడు. చప్పట్లు. మీ వాడు బస్సుకు పరిగెత్తింది అప్పుడే.

చప్పట్లు ఆగాక నర్సు టీచరు మైకు అందుకుని ఎప్పటిలాగే, "ఇప్పుడు రోగి మాట" అంది.

ఆ పద్ధతిని నువ్వూ మర్చిపోయావు, నేనూ మర్చిపోయాను. అతను కుర్చీ నాకు ఎదురుగా జరుపుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, పొగుడుతాననుకుని కాబోలు.

"మీరు ఇంత బాగా అడిగినందుకు నాకు ఎలా అనిపించిందో చెబుతాను. కడుపు మండిపోయింది" అన్నాను. హాల్లో ఎవరో నవ్వారు, నాటకమనుకుని. "ఇన్నాళ్లూ మీకు అడగడం చేతకాదనుకున్నాను. చేతకాకపోతే అదొక దారి. ఇంత బాగా చేతనవును మీకు. మరి ఆ రోజు ఐదో అంతస్తులో నా భర్తను ఎందుకు అడగలేదు?"

అతని మొహంలో నెత్తురు ఇంకిపోవడం నేను చూశాను. నోరు తెరిచాడు. "అమ్మా, అది ఏంటంటే..."

ముందు వరుసలోంచి సారీ బాబు లేచి నిలబడ్డాడు.

"సారీ సార్" అన్నాడు. "రోగి మాట సార్. వినాలి సార్."

అతను ఆ పిల్లాడి వంక చూశాడు, నా వంక చూశాడు. నోరు మూసుకున్నాడు.

ఇక నేను చెప్పాను. మొన్నటి నుంచే ఎత్తుకున్నాను, ఈసారి వేషం లేకుండా. లైన్లో నిలబడింది, "గ్యాస్, తర్వాత ఎవరు?" అన్నది, లిఫ్టులో ఆయన నాతో అన్నది, తెల్లవారకుండానే ఆయన పోయిన సంగతి, అన్నీ. తలుపు వెనక పనిసంచీ గురించి చెప్పాను. గ్రీజు అంటిన వేళ్లు చూపించాను. నిన్ను కూడా తీసుకొచ్చాను. "మీరు అడిగి ఉంటే ఆయన బతికేవారో లేదో నాకు తెలియదు. నా ఆడపడుచు రోజూ ఆ పొరల్నే కోసి చూస్తోంది, తనకూ తెలియదు. కానీ 'రోగి చెప్పలేదు' అని రాసి సంతకం పెట్టింది మీరు. మా ఆయన నొప్పిని గ్యాస్ అనుకోవడం పొరపాటు కావచ్చు. పోయిన మనిషి మీద తప్పు రాయడం పొరపాటు కాదు" అన్నాను. ఎవరూ గడియారం చూసుకోలేదు. అతను తను కట్టిన గూట్లో తనే కూర్చుని విన్నాడు.

మర్నాడు మా వేషాలు మార్చుకునే గదికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అమ్మా, ఎంత ప్రయత్నించినా నాకు మీ ఆయన మొహం గుర్తు రావట్లేదు" అన్నాడు.

"ఎలా వస్తుంది? తలెత్తితే కదా మొహం కనిపించేది" అన్నాను.

"నన్ను ఏం చెయ్యమంటారు?" అన్నాడు.

అడిగాడు కదా. అడిగితే దాచకూడదు. చెప్పాను.

ఇకనుంచి ప్రతి కొత్త బ్యాచికీ మొదటి పాఠం ఇదే. డాక్టరు కుర్చీలో నేను కూర్చుంటాను. రోగి కుర్చీలో అతను కూర్చుంటాడు. మీ అన్నయ్య మాటలే, మొన్నటి నుంచే మొదలుపెట్టి చెప్పాలి. "తర్వాత అదేమో" దగ్గరికి రాగానే నేను ఆపేస్తాను. ఆ తర్వాత అతను లేచి, "రోగి చెప్పలేదని నేను రాశాను. నేను అడగలేదు" అని పిల్లలకు చెప్పాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఏ ఏడూ మానకుండా.

ఒప్పుకున్నాడు. ఒకసారి సాధన కూడా చేశాం, నర్సు టీచరు అద్దం అవతల కూర్చుంది. "అంటే డాక్టరుగారూ, మొన్న ఒక మేడ మీద..." అని మొదలుపెట్టాడు. నేను తలొంచుకుని కాగితం మీద గీతలు గీస్తున్నాను. "తర్వాత అదేమో" అన్నాడు. "గ్యాస్. తర్వాత ఎవరు?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో! అతను లేవలేకపోయాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి కూర్చుండిపోయాడు. మీ అన్నయ్య కూడా అచ్చం అలాగే కూర్చున్నారు. కాసేపటికి "సరేనండీ" అని లేచారు. ఆ సంగతి నీకు ఇన్నేళ్లూ చెప్పలేదు, నువ్వు తట్టుకోలేవని.

క్షమించేశావా అని అడుగుతావు. లేదు. అతను క్షమించమని అడగలేదు కూడా. అడిగినప్పుడు చూద్దాం, అడిగితేనే కదా చెప్పేది. వాడు అనాలో ఆయన అనాలో కూడా నాకింకా తేలలేదు, అందుకే ఈ ఉత్తరం నిండా అతను అని సరిపెట్టాను. దీనికీ కుడతావా?

వచ్చే నెల కొత్త పిల్లలు చేరుతున్నారు. మైనం దిమ్మలు పక్కన పెట్టి రా. ముందు వరుసలో సారీ బాబు పక్కన నీకొక కుర్చీ వేయించమన్నాను. వాడు కుర్చీ వెయ్యడానికి కూడా సారీ చెప్పాడు. నువ్వు వచ్చి కళ్లారా చూడు. అతను మొన్నటి నుంచి మొదలుపెడతాడు. నేను తలెత్తను.

పెన్నులో ఇంకు నింపుకుని కూర్చున్న
నీ వదిన